పటిక నీళ్లు

నల్లగొండ ప్రకాశం బజార్ల నా దుకాణం,
గడియారం స్తంభం నీడ కూడ రాని సందుల.
రెండు మిషన్లు. ఒకటి నడుస్తది.

స్టెల్లా టీచర్ ఫోన్ల బొమ్మ చూపించింది:
"ఇసొంటియి పన్నెండు గావాలె బుచ్చిలింగం, యాన్యువల్ డేకి."
నడుముకు ఇరుక్కున్న తెల్ల చక్రం తీరు
గాలిల నిలబడ్డ గుడ్డ.
"పేరేంది?"
"టుటు."
అర్థమడిగితె మొఖం తిప్పి నవ్వింది.
పారిస్‌ల ముందు కుర్చీలోళ్లు
కిందికెళ్లి చూసి పెట్టిన పేరంటరు,
పసిపిల్లలు ముడ్డిని ముద్దుగ అన్నట్టు.
నేను టేపు సర్దుకున్న.
కొలతల బుక్కుల "చక్రం" అని రాసుకున్న.

మొదలు ఇంత పొట్టిగ లేకుండెనట.
నూట తొంభై ఏండ్ల కింద
పిక్కల దాంక దిగిన మస్లిను,
పొర మీద పొర, గంజి వెట్టిన పొగమంచు.
పిల్ల కాలి కొసల మీద లేస్తె
నేలకు ఆనలేదనుకున్నరట జనం.
గంజి సంగతి నాకెరుకే.
గట్టుప్పల్ల వాకిట్ల పడుగు సాపి
గంజి వట్టెటోళ్లను సూసుకుంట పెరిగిన.
గంజి తాగిన నూలు నిక్కుతది,
చెమట తగిలితె మల్ల వంగుతది.
ఆ పిల్లల నడుముల కాడ కూడ వంగే ఉంటది.

ఇగ దీపాల ముచ్చట.
స్టేజి అంచున గ్యాసు మంటలు, వరుసగ.
"కాలినయా?" అన్న.
"కాలిన్రు" అన్నది టీచర్.
నేను గుడ్డల గురించి అడిగిన.

పటిక నీళ్లసొంటి మందుండెనట,
ముంచి ఆరేస్తె మంట అంటదు.
గని తెలుపు పాడైతది, బిరుసెక్కుతది,
మబ్బు పోయి రేకు మిగులుతది.
ఒక పిల్ల నాకొద్దన్నది. కాయితం మీద రాసిచ్చి మరీ ఒద్దన్నది.
ఇరవై ఏండ్లు.
రిహార్సల్ నాడు నలగొద్దని కుచ్చులు ఎత్తి విదిలిచ్చింది,
గాలి లేసింది, మంట లేసింది.
ఎనిమిది నెలలు మంచం మీద.

ఆ తర్వాతది సగమే విన్న.
కాలి పని కనవడాలని ఇటలీ ఆటగత్తెలు
మోకాలి దాంక కోయిచ్చిన్రట, ఇంకింత పైకి.
గుడ్డ తగ్గింది, కుట్టు పెరిగింది.
మా పనిల అది ఎప్పుడూ ఉన్నదే.

పది రోజులు నెట్టు కోసిన.
బేగంబజారు నైలాను, మీటరు ముప్పై అయిదు.
పట్టుకుంటె గీరుతది, ఒదిలితె జారుతది.
ఒక ముక్కకు అగ్గిపుల్ల వెట్టి సూసిన.
కాలలే, కరిగింది.
నల్ల చుక్కై బొటనేలు మీద వడ్డది,
మచ్చ ఇంక ఉన్నది.
నైలానుకు పటిక పట్టదని తెలుసు.
అయినా పావుకిలో కొనుక్కొచ్చి
మిషన్ సొరుగుల ఏసిన.

యాన్యువల్ డే నాడు ఎనుక నిలబడ్డ.
ఎమ్మెల్యే రాలే, ఆయన తమ్ముడొచ్చి జ్యోతి ఎలిగిచ్చిండు.
ఐదు వత్తుల ఇత్తడి సెమ్మె స్టేజి మూలకే ఉండిపాయె.
పాట షురువాయె.
పన్నెండు మంది ఉరికొచ్చిన్రు,
అందరికన్న చిన్నది అమ్రీన్,
తిరుక్కుంట తిరుక్కుంట ఆ మూల దిక్కే.

కుర్చీల నడుమకెళ్లి పోయిన.
ఎవలో కూసోమన్నరు, ఎవలో తాగిండన్నరు.
చెప్పులతోనే స్టేజి ఎక్కి
సెమ్మెను రెండు చేతుల ఎత్తుకొని దిగిన.
నూనె అంగీ మీద ఒలికింది.
దీపం నోటితోని ఊదొద్దనేది మా అమ్మ.
గోడెనుక నల్లా కాడ మట్టిల దించి
ఐదు వత్తులు ఆరిందాంక కావలి కూసున్న.

లోపల చప్పట్లు.
నా చక్రాలు ఎట్ల తిరిగినయో
నేను సూడలే.